పదిహేడో నంబరు చెత్త

చెవులాయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. మూత విప్పకుండానే, చెవి దగ్గర పెట్టుకుని, లోపల పోయిందేమిటో చెప్పేసేవాడు. రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు కరువయ్యాక ఆ చెవులే ఆయనకు ఇంకో ఉద్యోగం ఇప్పించాయి. జనం తింటుంటే వినడం ఆ ఉద్యోగం. నవ్వకండి, నిజంగానే.

ఆ కంపెనీ మెడకు కట్టుకునే పట్టీ ఒకటి తయారుచేస్తోంది. వేలెడు వెడల్పు, లోపల చిన్న మైకు. మనిషి ఏ పూట ఎంతసేపు నమిలాడో, ఎన్నిసార్లు మింగాడో అదే లెక్కపెట్టాలి. కానీ పట్టీకి ఇంకా బుద్ధి రాలేదు. తినడానికీ ఆవులించడానికీ తేడా తెలియదు. దానికి నేర్పడం కోసం అరవై మందికి పట్టీలు కట్టి, ఎనిమిది మందిని హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టారు. పట్టీల్లో రికార్డయిన చప్పుడు ఒక్కో ముక్కా వినాలి, మీట నొక్కాలి. నమలడమా, మింగడమా, మాటా, చెత్తా? నమలడం మొదలైన నిమిషంలోగా మింగిన చప్పుడు రాకపోతే అది తిండి కింద లెక్క కాదు. ఏ చూయింగ్ గమ్మో, పెన్ను మూతో అయ్యుంటుంది, చెత్తలో పడేయండి అని కంపెనీ నియమం. మిగతాది వినక్కర్లేదు.

చెవులాయనకు ఈ నియమం మహా నచ్చింది. నాలుగు నెలల్లో ఒక్క తప్పు కూడా పడలేదు. తెర మీద చప్పుడు గీత చూస్తూ, మొదటి పావు నిమిషం వింటే చాలు, ముక్క సంగతి తేల్చేసేవాడు. సూపర్‌వైజర్ మేడమ్ ఒకరోజు నలుగురిలో "ఈయన చెవులకి దిష్టి తియ్యాలి" అంది. ఆ వారమంతా ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు.

పట్టీలు కట్టుకున్నవాళ్లలో కొందరు ఉద్యోగుల ఇళ్లవాళ్లే. చెవులాయన తన పిన్ని పేరు ఇచ్చాడు. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. బట్టలు కుట్టీ కుట్టీ చూపు మందగించాక ఆయన ఇంట్లోనే ఉంటోంది. ఆఫీసుకొచ్చి, అక్కడి అమ్మాయి చేత పట్టీ కట్టించుకుని వెళ్లింది. ఎవరింటి మనిషి ముక్కలు వాళ్లకే రాకూడదని మేడమ్ ఇంటిపేర్లు చూసి మరీ పంచింది. పిన్ని ఇంటిపేరు వేరు కదా! ఆ సంగతి మేడమ్‌కి తెలియదు, చెవులాయనకి తట్టలేదు.

ఆయన వాటాకి వచ్చిన ఏడుగురిలో పదిహేడో నంబరు ఒక వింత. పొద్దున్న ఫలహారం బాగానే తింటుంది. జారుడుగా ఉన్నవేవో కాబోలు, గుటకలు చక్కగా పడతాయి. భోజనం వేళకి మాత్రం ఒకటే నమలడం. మింగడం లేదు. రోజుకి ఐదారు ముక్కలు చెత్తలోకి పోవాల్సిందే.

"నా దగ్గర ఒక మేక ఉంది తెలుసా?" అన్నాడు ఒక సాయంత్రం, భోజనాల బల్ల దగ్గర. "పదిహేడో నంబరు. నములుతూనే ఉంటుంది మహాతల్లి! మింగితే ఒట్టు."

భార్య పగలబడి నవ్వింది. ఆ మర్నాటి నుంచి మేక కబుర్లు రోజూ ఉండాల్సిందే. దవడ కదిపి చూపించేవాడు, కళ్లు తేలేసేవాడు. భార్యకి నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుట్టేది. పిన్ని కూడా పళ్లెం ముందు కూర్చుని నవ్వేది. ఆ మధ్య ఆవిడ కాస్త చిక్కింది. "వయసు కదా" అంది, వీళ్లూ సరేననుకున్నారు.

"ఇంతకీ ఏం నములుతుందండీ అది? కనుక్కోకూడదూ?" అంది భార్య ఒకరోజు.

నిజమే, కనుక్కుంటే ఇంకో వారానికి సరిపడా కబురు. మర్నాడు మధ్యాహ్నం పని తొందరగా తెమిలింది. చెవులాయన పదిహేడో నంబరు చెత్త తెరిచాడు. ఆరు వారాల్లో పోగైనవి మొత్తం రెండు వందల పన్నెండు ముక్కలు. ఒకదాన్ని ఆపకుండా చివరిదాకా విన్నాడు.

మొదటి నిమిషం మామూలే. తర్వాత నమలడం ఆగింది. గొంతు బిగుసుకున్న చప్పుడు. మళ్లీ బిగుసుకుంది. దిగలేదు. నీళ్లు తాగబోతే అవీ వెనక్కొచ్చాయి. చిన్న దగ్గు, ఎవరికీ వినపడకుండా నొక్కిపెట్టిన దగ్గు. కాగితం నలిగిన చప్పుడు, అందులో ఉమ్మిన చప్పుడు. దూరంగా ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. ఎవరో మగాడు గట్టిగా మాట్లాడుతున్నాడు.

"మింగితే ఒట్టు!" అంటున్నాడు ఆ మగాడు.

చెవులాయనకి తన గొంతు పోల్చుకోవడానికి రెండుసార్లు వినాల్సి వచ్చింది. ఇంకో ముక్క విన్నాడు. ఇంకోటి. నాలుగోది వినలేకపోయాడు. హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి, మేడమ్‌కి కూడా చెప్పకుండా బయటపడ్డాడు.

ఇంటికి వెళ్లేసరికి పిన్ని కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబుకి తడుముకుంటూ కుట్లు వేస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా ఆవిడ ముందు కూలబడ్డాడు.

"పిన్నీ, ముద్ద దిగట్లేదా నీకు?"

ఆవిడ సూది గలీబులో గుచ్చి పక్కన పెట్టింది. మెడ పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టింది. లోపలివైపు పదిహేడు అని పెద్ద అంకె వేసి ఉంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"మొదటిరోజే చూశాగా."

"మరి నాకు చెప్పొచ్చు కదా!"

"మీ అమ్మకీ ఇలాగే మొదలైందిరా. నోటితో అనడానికి భయమేసింది. పట్టీ కట్టాక మాత్రం, హమ్మయ్య, ఇంక నేను చెప్పక్కర్లేదు, వాడే వింటాడు, విన్నరోజు పరిగెత్తుకొస్తాడు అనుకున్నా. రోజూ నువ్వొచ్చే వేళకి గుమ్మం వైపు చూసేదాన్ని. ఇంతలో నువ్వు మేక కబుర్లు మొదలుపెట్టావు."

"నువ్వూ నవ్వావు కదే!"

"మరేం చెయ్యనురా? అందరూ నవ్వుతున్నారు."

ఏడుపొచ్చింది చెవులాయనకి. ఆవిడ ఒళ్లో తల పెట్టి పసివాడిలా ఏడ్చాడు. "ఇంక లే, చాలు" అంది పిన్ని.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మెడ తడిమింది, బరువు చూసింది, చిన్న గ్లాసుతో నీళ్లిచ్చి తాగించింది. ఆహారం దిగే గొట్టం బాగా ఇరుకైపోయిందనీ, ఎందువల్లో రేపు లోపలికి కెమెరా పంపి చూస్తే గానీ తెలియదనీ చెప్పింది. ఆరు వారాల కిందటే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అంది.

"ఇంత ఇబ్బంది పడుతుంటే ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అంది, ఆయన వైపు చూసి.

పిన్ని చప్పున అందుకుంది. "వాళ్ల తప్పేం లేదమ్మా, నేనే దాచాను. వాడి చెవిన పడి ఉంటే ఊరుకునేవాడా? ఎత్తుకుని తీసుకొచ్చేవాడు."

డాక్టరమ్మ తలూపి కాగితం మీద ఏదో రాసుకోబోయింది. చెవులాయన పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కాదండీ, అలా రాయకండి," అన్నాడు. "నేను రోజూ విన్నాను."