తొమ్మిదో రోజు చదివిన వాక్యం

మా అక్క గొంతు బీటవారిందని మొదట చూసింది నేనే. గొంతంటే ఆవిడ మెడలో ఉండేది కాదు. దాన్ని డాక్టర్లు ఆరేళ్ళ కిందటే తీసేశారు. నేను చెప్తున్నది ఒక డిస్కు గురించి.

అక్క బస్ స్టేషన్‌లో అనౌన్సరుగా ఇరవై రెండేళ్ళు పనిచేసింది. "ప్రయాణికులకు మనవి" అని ఆవిడ మైకు అందుకుంటే పరుగెత్తేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి వినేవాళ్ళు. స్వరపేటిక తీసెయ్యక తప్పదని తేలాక, ఆపరేషన్‌కు ముందు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు ఆవిడను పదకొండు రోజులు గాజు గదిలో కూర్చోబెట్టి రెండు వేల నాలుగు వందల వాక్యాలు చదివించారు. వాటిని ముక్కలు ముక్కలుగా కోసి, మనం ఏ మాట టైపు చేస్తే ఆ మాటను ఆవిడ గొంతుతో పలికే ప్రోగ్రాము తయారుచేశారు. దాన్ని లాప్‌టాప్‌లో ఎక్కించి, ఒక డిస్కు చేతికిచ్చారు. ప్రోగ్రాము తెరిచినంతసేపూ ఆ డిస్కు డ్రైవులో తిరుగుతూ ఉండాలి. లేకపోతే "దయచేసి అసలు డిస్కు పెట్టండి" అని తెర మీద ఒక పెట్టె వస్తుంది. ఆ పెట్టె కూడా మూగదే.

నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. అక్క నన్ను పేరు పెట్టి పిలవదు, "రిపేరు" అంటుంది. ఇంట్లో గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడినా నాకు అన్నం సయించదు. తప్పు కనబడితే సరిచెయ్యకుండా ఉండలేను. ఆ గుణం మంచిదేనని నలభై ఏళ్ళు అనుకున్నాను.

ఆ రోజు డిస్కు తుడుస్తుంటే మధ్య చిల్లు దగ్గర వెంట్రుకంత గీత కనబడింది. గోరు పెట్టి చూస్తే గోరు ఆగింది. స్కేలు తెచ్చి కొలిచాను, మూడు మిల్లీమీటర్లు. వారం తరవాత నాలుగున్నర. డ్రైవులో తిరుగుతున్నప్పుడు లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు మొదలైంది.

అప్పట్నుంచి అక్క మాటలు పొదుపు చేసింది. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, అంతే లాప్‌టాప్ తెరిచేది. మిగతా పొద్దంతా మెడలో వేలాడే చిన్న తెల్ల పలక మీద రాసేది. సాయంత్రం ఏం చెప్పాలో మధ్యాహ్నమే కాగితం మీద రాసుకుని, అనవసరమైన మాటలు కొట్టేసేది. ఒకసారి ఆ కాగితం చూశాను. "ఒరేయ్ రిపేరూ, ఆ చొక్కా ఇంక పారెయ్యి" అని రాసుకుని, "ఒరేయ్ రిపేరూ" కొట్టేసింది. నన్ను పిలవడం కూడా ఆవిడకు దుబారా అయిపోయిందని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కంపెనీకి ఫోన్ చేశాను. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందట. ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"సారీ సార్, ఆ ప్రోడక్ట్‌కి ఇప్పుడు సపోర్ట్ లేదండి. కొత్త వెర్షన్ ఇస్తాం. అందులో గొంతు మళ్ళీ రికార్డు చెయ్యాలి."

"ఆవిడకి గొంతు లేదమ్మా. అందుకే కదా ఇదంతా."

"అయితే మా దగ్గర వేరే గొంతులున్నాయండి. పదహారు. నచ్చింది ఎంచుకోవచ్చు."

"పాత రికార్డింగులు ఇచ్చెయ్యండి. అవి మా అక్కవి."

"ఒప్పందం ప్రకారం అవి సంస్థవండి. మేడమ్ వినియోగదారు మాత్రమే."

"పోనీ, డిస్కు పగిలిపోయేలోపు నేనే ఒక కాపీ తీసుకుంటాను."

"ఆ మాట నేను వినలేదనుకుంటాను సార్," అంది. తరవాత గొంతు తగ్గించి, "తియ్యకండి సార్. నిజంగా చెప్తున్నాను," అని పెట్టేసింది. బెదిరిస్తోందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పాపం, భయపడి చెప్పిందేమో.

నాకు పౌరుషం వచ్చింది. అక్క గొంతును అక్క దాచుకోవడానికి ఎవడి అనుమతి కావాలి? ఆదివారం పొద్దున డిస్కు మొత్తాన్ని ఒక్క ఫైలుగా తీయడానికి కూర్చున్నాను. ఆ ఫైలును ఉత్తుత్తి డ్రైవులో పెట్టాలి. అంటే లేని డ్రైవును ఉన్నట్టు, అందులో డిస్కు తిరుగుతున్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే సాఫ్ట్‌వేర్ అన్నమాట. పాత ప్రోగ్రాములకు నేను పదేళ్ళుగా చేస్తున్న పనే. తొంభై ఆరు శాతం దాకా బాగా నడిచి, అక్కడ నత్తనడక పట్టింది. "చదవలేని చోట్లు ఉన్నాయి. సరిదిద్దమంటారా?" అని అడిగింది. ఎవరిని అడుగుతోంది? నన్ను! వెంటనే టిక్ పెట్టాను.

ఫైలు తయారైంది. అసలు డిస్కును మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. అక్కను పిలిచి కూర్చోబెట్టి ప్రోగ్రాము తెరిచాను. స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"ఇది నకలు డిస్కు. ఇంకా రెండు అవకాశాలు ఉన్నాయి. ధన్యవాదాలు."

అక్క గొంతే. బస్సు ఆలస్యమని చెప్పేటప్పటి నిదానం, చివర ఆ "ధన్యవాదాలు" మీద చిన్న విరుపు, అన్నీ ఆవిడవే. కానీ అక్క ఏమీ టైపు చెయ్యలేదు. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

అక్క పలక తీసుకుంది. "నేనే చదివాను. తొమ్మిదో రోజు. అన్ని వాక్యాల్లో అదొకటి. ఎందుకని అడగలేదు."

తుడిచి మళ్ళీ రాసింది. "మూడు వాక్యాలు వరసగా. ఇది మొదటిది."

మిగతా రెండూ ఏమిటని నేను అడగలేదు. అడగాల్సింది. ప్రోగ్రాముకు ఉత్తుత్తి డ్రైవు జాడ తెలిసిపోయిందనుకుని, దాని ఆనవాళ్ళన్నీ దాచేసి, నెట్ తీగ పీకేసి, అదే ఫైలుతో మళ్ళీ తెరిచాను.

"ఇది నకలు డిస్కు. ఇంకా ఒక్క అవకాశం ఉంది. ధన్యవాదాలు."

అక్క లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, గిన్నె పెట్టిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఆ చదవలేని చోట్ల చిట్టా ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం పదిహేడు. గీతల వల్ల వచ్చే తప్పులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఇవి బడిపిల్లల్లా సమానమైన ఎడంతో వరస కట్టి నిలబడ్డాయి. అవి తప్పులు కావు. కావాలని పెట్టినవి. ప్రోగ్రాము తెరవగానే ఆ చోట్లకు వెళ్ళి చదవబోతుంది. చదవలేకపోతే డిస్కు అసలుది. చక్కగా చదవగలిగితే నకలు. ఆ పదిహేడింటినీ నేను శుభ్రంగా బాగుచేసిపెట్టాను. ఊళ్ళో ఏ బద్ధకస్తుడి చేతిలో పెట్టినా మా అక్క గొంతు బతికి ఉండేది.

సరిదిద్దిన ఫైలులో ఆ తప్పుల అసలు రూపం చెరిగిపోయింది, చేత్తో మళ్ళీ పెట్టలేను. ఒక్కటే దారి మిగిలింది. తప్పులను తప్పుల్లాగే ఉంచి డిస్కును మళ్ళీ మొదట్నుంచి చదివించాలి. గీత అప్పటికి తొమ్మిది మిల్లీమీటర్లు. అక్కకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మధ్యలో పగిలితే డిస్కు పోతుందక్కా. ఊరుకుంటే ఇంకో నెల రోజులు మాట్లాడతావేమో. ఏం చెయ్యమంటావ్?"

"నెల తరవాత?" అని రాసింది.

నేను డిస్కును వెలుగుకెత్తి గీత చూపించాను.

"చెయ్యి," అని రాసింది.

డ్రైవు వేగాన్ని అన్నిటికంటే తక్కువకు దించాను. అక్క పక్కనే కుర్చీ వేసుకుని, లాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. జ్వరం చూస్తున్నట్టు ఉంది. యాభై శాతం. డెబ్భై. పళ్ళు కొరికే చప్పుడు ఎక్కువైంది. తొంభై దాటాక నేను అంకెల వైపు చూడటం మానేసి అక్క చేతి వైపే చూశాను. ఉన్నట్టుండి ఫట్‌మంది. అక్క చెయ్యి ఎగిరిపడింది. డ్రైవు తెరిస్తే పెంకులు గలగలా రాలాయి.

తొంభై నాలుగు దగ్గర ఆగిపోయింది. ఆ పదిహేడు చోట్లూ తొంభై ఆరులో ఉన్నాయి.

నేల మీద కూర్చుని పెంకులు ఏరుతూ ఏడ్చాను. అప్పుడు, అన్నీ అయ్యాక, తట్టింది. స్పీకరు ముందు ఫోను పెట్టి అక్క చేత నాలుగు మాటలు పలికించి రికార్డు చేసుకుంటే సరిపోయేది. గాలికి ఎవడూ తాళం వెయ్యలేడు. మొత్తం కావాలన్న ఆశలో నాలుగు మాటలు కూడా దక్కించుకోలేదు. ఊరంతా ఇరవై రెండేళ్ళు విన్న గొంతు, మా ఇంట్లో ఒక్క ముక్క రికార్డు లేదు. రోజూ వినే గొంతును ఎవరు మాత్రం రికార్డు చేసుకుంటారు?

అక్క నా భుజం తట్టింది. పలక చూపించింది. "ఒక్క అవకాశం ఉందిగా."

"లేదక్కా. ఏ ఫైలు పెట్టినా నకలనే అంటుంది. ఆ తరవాత శాశ్వతంగా మూసుకుపోతుంది."

"తెలుసు. అది అనేటప్పుడు నా గొంతుతోనే అంటుంది."

అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సరిచేసుకుని, మైకు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. నా జేబులోంచి ఫోను తీసి, రికార్డింగు నొక్కి స్పీకరు పక్కన పెట్టింది. పాత ఫైలును ఉత్తుత్తి డ్రైవులో నేనే పెట్టాను. మీట ఆవిడే నొక్కింది.

"ఇది నకలు డిస్కు. అవకాశాలు ముగిశాయి. ఈ గొంతు ఇక మీదట పలకదు. మీ సహకారానికి ధన్యవాదాలు."

అక్క పెదవులు ఆ మాటలతో పాటే కదిలాయి. ఒక్క అక్షరం ముందుగానీ వెనకగానీ కాలేదు. తెర నల్లబడింది. ఫోనులో రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది, గదిలో ఏ చప్పుడూ లేదు. అక్క పలక మీద ఏదో రాసి, పరీక్ష రాసొచ్చిన పిల్లలా నా మొహంలోకి చూస్తూ నావైపు తిప్పింది.

"బాగా చదివాను కదూ?"