అయ్య కుట్టిన జీను

నూకాలు కొబ్బరినూనె గిన్నె పట్టుకుని నడుస్తోంది, కాళ్ళ కింద ఉన్నది బీచ్ ఇసకో పెద్దాసుపత్రి వార్డులో గచ్చో తేలడం లేదు, అడుగేస్తే మెత్తగా దిగుతోంది, ఎత్తబోతే చల్లగా తగులుతోంది, మంచాలు ఉండాల్సిన చోట రెండు వైపులా గుర్రాలు నిలబడి ఉన్నాయి, ఒక్కో గుర్రం మెడలో ఒక్కో అట్టముక్క వేలాడుతోంది, అట్ట మీద జ్వరం గీతలు ఎగుడుదిగుడుగా గీసి ఉన్నాయి. ఇదేమీ ఆమెకు వింతగా లేదు. కలలో ఉన్నవాళ్ళకి వింతనేది ఒకటి తెలిసి ఏడిస్తే కదా! ఆమెకున్నది ఒక్కటే తొందర. నాలుగింటికి బ్యాండుమేళం వాళ్ళు వచ్చి గవ్వను తోలుకుపోతారు, ఆ లోపల అయ్యను పట్టుకుని తాడో పేడో తేల్చుకోవాలి.

గవ్వ ఆమె ఆడగుర్రం. నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ ఉందని ఆ పేరు. విశాఖ బీచ్‌లో సాయంత్రాలు పిల్లల్ని వీపు మీద కూర్చోబెట్టుకుని, అలల అంచు వెంట అటొక రౌండు ఇటొక రౌండు తిరిగే బుద్ధిమంతురాలు. అలాంటిది మూడు నెలలుగా జీను చూస్తేనే చెవులు వెనక్కి వాల్చేస్తోంది. పొట్ట కింద పట్టీ బిగించబోతే పళ్ళు చూపిస్తోంది. పోయిన ఆదివారం ఓ పాప ఎక్కబోతుంటే గిర్రున తిరిగి పాప చెప్పు కొరికి పట్టుకుంది. పాపకి చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు గానీ, నూకాలు మొగుడు సన్యాసిరావు అక్కడికక్కడే తేల్చేశాడు, పిల్లలెక్కే గుర్రం కరవడం మొదలెడితే ఇంక దాన్ని ఉంచుకునేది లేదని, పెళ్ళి ఊరేగింపుల బ్యాండుమేళం వాళ్ళకి అమ్మేస్తానని. బ్యాండుమేళం వాళ్ళు కరిచే గుర్రాన్ని ఎలా దారికి తెస్తారో నూకాలుకి బాగా తెలుసు. ముళ్ళ కళ్ళెం వేసి, నోరు పుండు చేసి, బాజాల మధ్య ఊరేగిస్తారు. ఆ నోటికి ఇన్నాళ్ళూ తన అరచేతిలో బెల్లం పెట్టి తినిపించింది. అందుకే ఆమె ఇప్పుడు ఇంత విసురుగా నడుస్తోంది.

వార్డు చివర, బోర్లించిన బకెట్టు మీద, ఎనిమిది నెలల కిందట చనిపోయిన ఆమె తండ్రి ఎర్రయ్య కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆయన పాత గుర్రం జమీందారు. అదీ చచ్చిపోయిందే, ఆయనకంటే ముందు. నడకలో ఆ వాలు, ఆ ఠీవి చూసి దానికా పేరు పెట్టాడాయన, తినే గడ్డికి ఎవరికో శిస్తు కట్టించుకుంటున్నట్టు ఉండేది దాని మొహం. ముప్పై ఏళ్ళు బీచ్‌లో గుర్రాలు నడిపినవాడు ఎర్రయ్య. పక్కవాళ్ళ గుర్రం కుంటినా, మెడ పట్టేసినా, ముందు ఆయన దగ్గరికే తోలుకొచ్చేవారు. ఆయన చెయ్యి వేస్తే గుర్రం ఒంట్లో ఎక్కడ నొప్పి దాక్కున్నా బయటపడాల్సిందే. ఇప్పుడు రెండు చేతులతోనూ జమీందారుకి మాలీసు చేస్తున్నాడు. రెండు చేతులు! చివరి ఆర్నెల్లూ ఆయన కుడి చెయ్యీ, మాటా రెండూ పడిపోయి మంచానికే అతుక్కున్నాడు.

"అయ్యా, నీ సెయ్యి బాగైపోనాదేటి?" అంటుంది నూకాలు.

"సచ్చిపోయినోడికి పచ్చవాతమేటే గుంటా?" అంటాడు ఎర్రయ్య తలెత్తకుండానే. "ఆ నూనిలగియ్యి."

ఆమె గిన్నె ఇస్తుంది. ఏడవడానికి ఇది సమయం కాదని ఏడుపు పంటి బిగువున ఆపుకుంటుంది. "నాను ఏడవడానికి రాలేదు. అడగడానికొచ్చినాను. గవ్వకేటైంది? నువ్వు నేర్పినట్టే రోజూ మాలీసు సేస్తన్నాను. సెవుల ఎనకాల నుంచి మెడ మీదకి, మెడ మీంచి మూపు కాడికి, ఎంటిక వాలునే. ఎడమేపు మూపు ఎనకాల గట్టిగా తగుల్తోందనీసి అక్కడ ఇంకాస్త నూనేసి, ఇంకాస్త బలంగా రుద్దుతున్నాను. అయినా తగ్గదు."

"బలంగా అంటే?"

"మోచేత్తో."

ఎర్రయ్య చేతులు ఆగిపోతాయి. జమీందారు కూడా మెడ తిప్పి ఆమె వైపు చూస్తుంది, ఇద్దరూ కలిసి తప్పు పట్టినట్టే ఉంటుంది.

"నొప్పున్న కాడ మోచెయ్యెట్టి నొక్కమని నానెప్పుడు సెప్పినానే?"

"మనుసులకి నడుం పట్టేస్తే అలగే కదా నొక్కుతారు."

"మనిసైతే బోర్లా పడుకుని, అబ్బా అక్కడే, అక్కడే అంటాడు. గుర్రం అంటాదేటి? దానికి తెలిసినమాట ఒక్కటే. కరుస్తాది."

నూకాలు తల వంచుకుంటుంది. సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోతుంది, నిజంగానే కుంచించుకుపోయి పదేళ్ళ పిల్ల అవుతుంది, వార్డు గచ్చు మీదికి ఎప్పుడొచ్చిందో అల వచ్చి మోకాళ్ళు తాకుతుంది, గుర్రాలన్నీ మెడలో అట్టలతో ఆ నీళ్ళలో కులాసాగా నిలబడి ఉంటాయి, గ్లూకోజు సీసా తగిలించిన కమ్మీకి ఎవరో మొక్కజొన్న కంకులు కట్టి అమ్ముతుంటారు. ఆమె చిన్న చెయ్యి జమీందారు మెడ మీద, దాని మీద అయ్య పెద్ద చెయ్యి.

"వేళ్ళు పరిసి ఉంచు. తొయ్యకు, వాలు. నీ ఒళ్ళు బరువు దానంతటదే దిగాల. సెయ్యి కేసి సూడకు, దాని కింది పెదవి సూడు. పెదవి వేలాడిందా? కన్ను సగం మూసిందా? అదిగో, ఆవలించింది. ఆవలించిందంటే వదిలీసిందని. అప్పుడు సెయ్యి తియ్యకూడదు. అలగే ఉంచాల. మనమే ముందెల్లిపోతే మల్లీ బిగిసిపోద్ది."

"నొప్పెక్కువున్న కాడో?"

"కంటి రెప్ప మీద ఎంత బరువెడతావో అంతే. అంతకన్నా ఎట్టినావంటే నీకు సేతకాదని అర్థం."

ఆ మాట గుచ్చుకుంటుంది, నూకాలు మళ్ళీ పెద్దదైపోతుంది. నీళ్ళు తగ్గుతున్నాయి. తగ్గే నీళ్ళతోపాటు అయ్య కూడా కాస్త దూరం జరిగినట్టు అనిపించి, ఆమె ఆయన చొక్కా గుప్పిటతో పట్టుకుంటుంది.

"ఇయన్నీ నాకు తెలుసు. తెలీంది సెప్పు."

"తెలీంది నానెలగ సెప్తానే పిచ్చిమొకమా? నీ కల్లో ఉన్నోణ్ణి. నీకు తెలిసిందే నా నోట ఒస్తాది."

"అయితే నాకు తెలిసిందే సెప్పు. సెప్పకుండా ఎల్లనిస్తాననుకున్నావేటి? నాను లెగను. ఆ బ్యాండోళ్ళు గేటు కాడ అరిసి సచ్చినా లెగను."

కూతురి మొండితనం చూసి ఎర్రయ్యకి నవ్వొస్తుంది. చొక్కా విడిపించుకోడు. ఎడమ చెయ్యి ఎత్తి, వేళ్ళు కొక్కేల్లా వంచి, గాలిని గీకుతాడు. గీకి, లాగి, పక్కన పారేసినట్టు చూపిస్తాడు. మళ్ళీ గీకుతాడు. మంచంలో ఉన్న చివరి రోజుల్లో ఆయన చేసిన సైగ అదే. కొత్తగా కొన్న గవ్వ గుమ్మంలో నిలబడి ఉండగా, గోడకి తగిలించిన జీను చూపించి రోజుకి పదిసార్లు అలా గీకేవాడు.

"అది నాకు తెలుసయ్యా. జీను జాగర్త అన్నావు. నాను ఎవుల్నీ సెయ్యెయ్యనివ్వలేదు. దాని కింది మెత్త పాతబడిపోనాది, మారుద్దామని మావ ఎన్నిసార్లన్నా ఒప్పుకోలేదు. నీ కుట్టు ఒక్కటి కూడా తెగనివ్వలేదు."

"జాగర్త అనీ సెప్పాలంటే గుండెకి ఆనించుకుంటాం. గోళ్ళతో గీకుతామేటే?"

ఎర్రయ్య ఆమె చెయ్యి పట్టుకుని జమీందారు ఎడమ మూపు వెనకాల ఆనిస్తాడు. అక్కడ ఒక గొయ్యి, ఆమె పిడికిలి సరిగ్గా పట్టేటంత. చిన్నప్పుడు ఎవరో జట్కాకి కట్టి తోలి, కాడి ఒరిపిడికి కండ కరగదీసి ఆయనకి అమ్మిన గుర్రం అది. ఆ వాలు నడక ఠీవి కాదు, గొయ్యి. ఈ సంగతి ఆమెకి ఎప్పుడో తెలుసు, అయినా పిడికిలి అందులో పడ్డాక గాని తెలిసినట్టు తెలియలేదు.

"ఆ గొయ్యి పూడ్సడానికి ఎడం పక్క మెత్తలో గుడ్డలు కూరి కుట్టినాను," అంటాడు ఎర్రయ్య. "అది జమీందారు ఈపుకి కుట్టిన కుట్టు. గవ్వ ఈపు మీద ఏ గొయ్యుందే?"

లేదు. గవ్వ వీపు నున్నగా, రెండు పక్కలా ఒక్కలాగే ఉంటుంది. రోజూ తడిమే వీపే అది. ఉదయం మోచేత్తో నొక్కి, సాయంత్రం ఆ గుడ్డల ముద్దనే మళ్ళీ దాని మీద పెట్టి బిగించి, పైన పిల్లల్ని కూర్చోబెట్టింది తనే. నూకాలుకి ఒక్కసారిగా తన మీద తనకి అసహ్యం వేస్తుంది.

"ఎంత నొప్పుంటాదో తెలుసా?" అంటూ అయ్య ఆమె ఎడమ దవడ కింద, మెడ మొదట్లో, బొటనవేలు ఆనిస్తాడు. గట్టిగా కూడా కాదు. అయినా ఆ వేలు తీయడు. జమీందారు నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది, వార్డులో దీపాలు ఆరిపోయి ఎండ వస్తుంది, ఎండ పోయి మళ్ళీ దీపాలు వస్తాయి, వేలు అక్కడే ఉంటుంది, నొప్పి చెవిలోకి పాకి, భుజంలోకి దిగి, పళ్ళ మొదళ్ళు పట్టుకుని పీకుతుంది.

"తీసీ, అయ్యా."

"నాను తియ్యలేను."

"తీసీమంటన్నానా!" ఎంత తోసినా కదలదు. నూకాలు కోపంతో తల తిప్పి ఆ చేతిని పళ్ళతో కొరికేస్తుంది.

ఎర్రయ్య చెయ్యి చూసుకుంటాడు. రక్తం లేదు, పళ్ళ గాట్లు మాత్రం వరసగా ఉన్నాయి. "ఇప్పుడెవులు కరిసినారే నూకాలూ?" అంటాడు మెల్లగా.

ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంది. "ఆ కుట్టు తెంపీస్తే నీదనీ నాకేటి మిగుల్తాది? నీ బొమ్మ ఒకటైనా నేదింట్లో. ఆ కుట్టే ఉంది."

"మాలీసు నీకు నేర్పింది గుర్రం కోసమా, నా కోసమా?"

చెప్పాల్సిన జవాబు ఒక్కటే, అది చెబితే ఆయన వెళ్ళిపోతాడని భయం. చివరికి ముక్కు చీదుకుని చెబుతుంది: "గుర్రం కోసమే."

"నెల్లాళ్ళు దాని ఈపు మీద ఏదీ ఎయ్యకు. ఊరికే నడిపించు. సెయ్యి మెత్తగా ఎయ్యి. నిన్ను మల్లీ నమ్ముతాదో నేదో, అది దాని ఇష్టం," అంటున్నాడు ఎర్రయ్య, అంటూ ఉండగానే ఆయన గొంతు నీళ్ళ చప్పుడులో కలిసిపోతోంది, ఆమె పట్టుకున్న చొక్కా గుప్పిట్లో తడి ఇసకై జారిపోతోంది, "అయ్యా, ఆగు," అంటూ పైకి లేవబోయింది.

మెడ లేవలేదు.

పాకలో మధ్యాహ్నపు ఉక్క. నూకాలు గడ్డి మీద పడి ఉంది, తల కింద బోర్లించిన జీను, దవడ కింద దాని మెత్త. బ్యాండు వాళ్ళ కోసం ఎదురు చూస్తూ ఒక్క నిమిషం వాలదామని తల ఆనించిన మనిషి, ఎంతసేపు నిద్రపోయిందో ఆమెకే తెలియదు. ఎడమ చెవి దగ్గర నుంచి భుజం దాకా కొయ్యబారిపోయింది. చేత్తో ఎత్తుకుంటే గాని తల పైకి రాలేదు. వేళ్ళతో తడుముకుంటే దవడ మీద కుట్టు గుర్తులు వరసగా దిగబడి ఉన్నాయి, వాటి మధ్య చర్మం కమిలి, ముట్టుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె జీను మెత్త రెండు పక్కలా తడిమింది. కుడి పక్క మెత్త పల్చగా ఉంది. ఎడమ పక్క పిడికెడు ముద్ద.

గుమ్మంలో సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. "లెగు. బ్యాండోళ్ళొచ్చీసినారు, ఆటో కాడ ఉన్నారు." ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏటా దవడ మీద? ఎవులైనా కొట్టినారేటి?"

"మావా, ఇలగొచ్చి దీని మీద తలెట్టి ఒక గంట పడుకో. లెగిసి ఎవుల్నీ కరవకుండా ఉంటే గవ్వని తోలీ."

సన్యాసిరావు వంగి మెత్త మీద అరచెయ్యి వేశాడు. ఒక పక్క నొక్కి, రెండో పక్క నొక్కి, మళ్ళీ మొదటి పక్కకి వచ్చాడు. మూల నిలబడి ఉన్న గవ్వ వైపు చూశాడు. గవ్వ జీనును చూసి అప్పటికే చెవులు వెనక్కి వాల్చేసింది.

"ఆళ్ళకేటి సెప్పమంటావు?" అన్నాడు.

"గుర్రం ఈ పాక దాటదని సెప్పు."

అతను బయటికి నడిచాడు. నూకాలు గిట్టలు చెక్కే కత్తి అందుకుని, మెత్త అంచున అయ్య దగ్గర దగ్గరగా వేసిన మొదటి కుట్టు కింద మొన దూర్చింది. ఏడుపు ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. చెయ్యి మాత్రం ఆపలేదు, ఆ పక్కన ఉన్న కుట్లన్నీ ఒక్కొక్కటిగా తెంపుతూనే పోయింది.