బీరువాలో మోడెమ్

ప్రతి శుక్రవారం దౌలత్ మొలొఖియా ఆకుకూర తరిగే కత్తితోనే టెలిఫోన్ తీగ కొసలు కూడా కత్తిరించేది. అలెగ్జాండ్రియాలో, ట్రాము పట్టాల పక్కనున్న ఆ ఇంట్లో తీగ ఏపుగా పెరిగేది. వదిలేస్తే కిటికీ ఎక్కి పక్కింటివాళ్ళ బట్టల దండెం మీద వాలేది. "సముద్రపు గాలి మరి," అనేది దౌలత్.

కోడలు ఇబ్తిహాల్‌కి కైరోలో ఒక మందుల కంపెనీ అనువాదాల పని ఇస్తానంది. గురువారం మధ్యాహ్నంలోగా నమూనా ఈమెయిల్లో పంపాలి. నచ్చితే ఉద్యోగం, అదీ ఇంట్లోంచే. కంప్యూటర్ ఉంది, ఫోనుంది, రెండిటినీ కలిపే మోడెమే లేదు. మొగుడు మిద్‌హత్‌తో కలిసి కంప్యూటర్ సామాన్ల కొట్టుకి వెళ్ళింది.

"లోపలిదా, బయటిదా, ఇంజినీరు గారూ?" అన్నాడు కొట్టతను. మిద్‌హత్ బ్యాంకు గుమాస్తా. అయినా కాదనలేదు.

"తేడా ఏంటి?" అని ఇబ్తిహాల్ అడిగింది.

కొట్టతను జవాబు మిద్‌హత్‌కి చెప్పాడు. "లోపలిది కంప్యూటర్లో పెట్టి స్క్రూలు బిగిస్తాం. ఇక అక్కడే పడుంటుంది. బయటిది చిన్న డబ్బా. దీపాలు మెరుస్తాయి. కావాలంటే తీసి దాచుకోవచ్చు."

"లోపలిది చాలు," అంది ఆమె.

"బయటిదివ్వు," అన్నాడు మిద్‌హత్. దాచుకోవచ్చు అంటే చాలు, కొందరు మగవాళ్ళకి వస్తువు మీద ప్రేమ పుడుతుంది.

గురువారం పొద్దున అతను డబ్బా ఊడదీసి బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నువ్వొచ్చేసరికి గడువు అయిపోతుంది," అంది ఇబ్తిహాల్.

"పంపేదేదో నా ముందర పంపు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడదానికి ప్రపంచంతో పనేంటి?"

"ఒంటరిగానా? నేను చచ్చాననుకున్నావురా?" అంది దౌలత్. అతనప్పటికే మెట్లు దిగిపోయాడు.

అత్తాకోడళ్ళు బెండకాయలు ముందేసుకుని కూర్చున్నారు. తీగ హాలు దాటింది. ఒక కొస తాళం కన్నంలోంచి బీరువాలోకి దూరింది. ఇంకో కొస కంప్యూటర్ వెనక్కి చేరింది. బీరువా ఈల వేసింది, గరగరలాడింది, ఊరుకుంది.

"కలిసినట్టుంది, వెళ్ళు," అంది దౌలత్ కత్తి దించకుండా.

ఇబ్తిహాల్ చేతులు కడుక్కుని నమూనా పంపింది. కాఫీ చల్లారేలోగా బదులొచ్చింది. ఆదివారం నుంచి పని.

సాయంత్రం మిద్‌హత్ బీరువా తెరిస్తే తీగ చొక్కాల చేతుల్లోంచి దూరి ఉంది. చొక్కాలన్నీ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని బారుగా నిలబడ్డాయి. ఒకటి లాగితే అన్నీ వచ్చాయి.

"కత్తి ఇవ్వమ్మా."

"అది మొలొఖియాకి. నీ చొక్కాలకి కాదు."

శనివారం అతను బనీను మీద కోటు తొడుక్కుని, డబ్బా పట్టుకుని ఆ కొట్టుకి వెళ్ళాడు. "ఇది తీసుకుని లోపలిదివ్వు."

"మళ్ళీ తీయాలంటే కంప్యూటరంతా విప్పాలి, ఇంజినీరు గారూ. ఆలోచించుకోండి."

"తీయను. నాక్కావలసింది చొక్కాలు."

ఆదివారం బ్యాంకు నుంచి వచ్చి, స్నేహితుణ్ణి కాఫీ కొట్టుకి పిలుద్దామని ఫోనందుకోబోయాడు. దౌలత్ చేతి మీద ఒక్కటిచ్చింది.

"లైను ఖాళీ లేదు. మీ ఆవిడ ఆఫీసులో ఉంది. చెప్పులు విప్పి మెల్లగా నడువు."