ఎడమకు తిరగని ట్రాక్టరు

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు నా చేతిలో ఉన్నవి ఇవి: డబ్బు కట్టిన రసీదు, రెండు స్పానర్లు, గంటన్నర సమయం. రాయదుర్గంలో ఆ ఆఫీసు టవరు మూడో సెల్లారులో నా ఎదురుగా పచ్చిక కోసే చిన్న ట్రాక్టరు ఉంది. నలభై ఏళ్ల నాటిది. టవరు కట్టకముందు అక్కడున్న ఫాంహౌసు వాళ్లు వదిలేసి పోయారట. ఇప్పుడు లాన్ తీసేసి పార్కింగు చేస్తున్నారు. అందుకని అమ్మారు.

నేను లింగంపల్లిలో పాత యంత్రాలు కొని అమ్ముతాను. ఆ నెల పెట్టుబడి మొత్తం దాని మీదే పెట్టాను.

"ఆరు దాటితే సెల్లారు కాంట్రాక్టరుకి అప్పజెప్తాం అంకుల్. లోపల ఏది మిగిలినా వాళ్లదే. అగ్రిమెంట్ అలా రాసుకున్నాం," అని మేనేజరు దేవిశ్రీ ముందే చెప్పింది.

పైకప్పు ఎత్తు చాలక నా ట్రాలీ ఆటో కిందికి రాలేదు. ట్రాక్టరునే ర్యాంపు మీదుగా నడుపుకుంటూ పైకి తీసుకుపోవాలి. ఎక్కి కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. సగం చుట్టు తిప్పినా ముందు చక్రాలు కదల్లేదు. కొనేముందు ఇంజను శబ్దం విన్నాను, టైర్లు గుద్ది చూశాను. స్టీరింగు మాత్రం తిప్పి చూడలేదు.

వదులు ఎక్కడుందో తెలియాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పైన తిప్పుతుంటే ఇంకొకరు కింద పడుకుని ఏది కదలడం లేదో చూడాలి. స్తంభం దగ్గర తోటపని చేసే సక్కుబాయి క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి.

"జర నేను తిప్పనా సారు?"

"అక్కర్లేదమ్మా." చెయ్యి వేయించుకుంటే కూలీ ఇవ్వాలి.

ఒక్కడినే కిందికి దూరాను. స్టీరింగు కడ్డీ చివర చిన్న పళ్లచక్రం. అది అర్ధచంద్రం లాంటి పళ్ల పలకను కదిపితే చక్రాలు తిరుగుతాయి. రెండింటి మధ్యా వేలెడు సందు. పక్కనున్న బోల్టు బిగించి పలకను చక్రానికి దగ్గరగా జరిపాను. వదులు పోయింది. పని ఇంతేనా అనుకున్నాను.

ట్రాక్టరు కుడికి తిరిగి ఆగి ఉంది. చక్రాలను నేరుగా తిప్పుతుంటే స్టీరింగు బిగుసుకుపోసాగింది. కొత్తగా బిగించాను కదా అని బలం పెట్టి తిప్పేశాను. ర్యాంపు ఎక్కాను. మలుపులన్నీ కుడికే. మొదటి మలుపులోనే స్టీరింగు రాలేదు. ఎడమ చక్రం గోడకు కొట్టుకుంది. నా ఎడమ మోకాలు గోడకూ ట్రాక్టరుకూ మధ్య ఇరుక్కుంది. కుడికాలు బ్రేకు మీద. అది తీస్తే ట్రాక్టరు వెనక్కి జారుతుంది. వెనకాల అప్పటికే మూడు కార్లు.

"అంకుల్, మణికొండ చేరేసరికి నాకు తొమ్మిదవుద్ది. మీరేమో ఇక్కడ దుక్కి దున్నుతున్నారు," అన్నాడు మొదటి కారులోంచి ఒకడు. ఫోను తీశాను. సిగ్నలు లేదు.

సక్కుబాయి రెండు రాళ్లు తెచ్చి వెనక చక్రాల కింద పెట్టింది. తీరిగ్గా పిట్టగోడ మీద కూర్చుంది.

"పదకొండేండ్లు నేనే నడిపిన సారు. లాన్ నడుమ మా పోచమ్మ రాయి ఉంటుండె. అమ్మకు ఎడమచెయ్యి చూపిస్తనా? ఎప్పుడైనా కుడిచెయ్యి అమ్మ దిక్కు పెట్టే తిరిగిన. దీన్ని ఎడమకు తిప్పిందే లేదు."

అప్పుడు అర్థమైంది. కుడికి తిరిగినప్పుడు పట్టే పళ్లే అరిగాయి. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి. నేను అరిగిన చోట సందు చూసి బిగించాను. అరగని చోటికి రాగానే అది పట్టేసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చెప్త. బండి బయటికొస్తే నడిపేది నేనే. అట్లయితె చెప్త."

"రోజుకూలీ ఎంత కావాలి?"

"కూలి అడగలే. పని అడిగిన. రేపటి సంది గీడ లాన్ లేదు, నాకు పని లేదు."

"ఇది అమ్ముకోడానికి కొన్నానమ్మా. మంచి బేరం తగిలేదాకా నువ్వే..."

"అయితె గట్లనే కూసో." క్యారియరు తీసుకుని లేచింది.

కాలు ఇరుక్కున్నప్పుడు బేరమాడకూడదని నాకు తెలుసు. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆరుకి ఇరవై ఐదు నిమిషాలుంది.

"సరే. అమ్మను."

"ఒట్టెయ్."

"ఎవరి మీద?"

"బండి మీదనే వెయ్యి. గదే కదా నీ పానం."

ట్రాక్టరు మీద చెయ్యి వేశాను. ఆమె కార్లను వెనక్కి పంపింది. నా స్పానరుతోనే నేను బిగించిన బోల్టు వదులు చేసింది. స్టీరింగు కదిలింది. మోకాలు బయటికి లాక్కున్నాను. ఆమె రాళ్లు తీసింది. మెల్లగా జారుతూ కిందికి దిగాం. ఆమె నన్ను లేపి సీట్లో కూర్చుంది. ట్రాక్టరు ముఖం వెనక్కి తిప్పి రివర్సు గేరు వేసింది.

"ఎనక్కి ఎక్కితే ఈ మలుపులకు చక్రాలు ఎడమకు తిరుగుతయి సారు. గా పండ్లు మంచిగున్నయి."

మూడు అంతస్తులూ వెనక్కే ఎక్కింది. గోడకు ఎక్కడా తగల్లేదు. నేను కుంటుతూ వెనక నడిచాను. గేటు దాటేసరికి ఆరుకి నాలుగు నిమిషాలుంది.

మర్నాడు పళ్ల పలక విప్పి బోర్లా తిప్పి బిగించాను. మంచి పళ్లు కుడివైపుకు వచ్చాయి, అరిగినవి ఎడమకు పోయాయి. ఆమె ఎటూ అటు తిప్పదు.

నల్లగండ్ల, మణికొండ కాలనీల్లో పచ్చిక కోతకు ఇప్పుడు ట్రాక్టరు వారానికి నాలుగు రోజులు పోతోంది. ఇప్పటికి ముగ్గురు మంచి ధర చెప్పారు. ముగ్గురినీ పంపేశాను. ఒకడిని పంపిన రోజు రాత్రి అన్నం సహించలేదు. మెట్లెక్కితే మోకాలు ఇంకా నొప్పి పెడుతుంది. వ్యాపారంగా చూస్తే అది తప్పు బేరం, ఇప్పుడు చేసినా తప్పే అంటాను. నికరంగా మిగిలింది వారానికి నాలుగు రోజుల పని. వచ్చే డబ్బులో సగం ఆమెది, సగం నాది.