ఉమ్మి పరీక్షనాటి వక్క

ఆ రోజుల్లో మా న్యూ బ్రిటన్ దీవిలో ఏ మాటైనా వక్కతోనే మొదలయ్యేది. చర్చి వాకిట్లో, సంతలో, చావింట్లో కూడా. సాయంత్రం నా భార్య యారుమెత్ పచ్చివక్క పంటితో చీల్చి, సున్నం అద్దిన తమలపు కాయతో (మా దగ్గర ఆకు కాదు, ఆ తీగ కాయే నములుతాం) కలిపి నాకు అందించేది. ఆ ఘాటు ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నట్టే ఉంటుంది.

ఒక ఏడు ఆమె బుగ్గ లోపల తెల్లమచ్చ కనబడింది. వాళ్లమ్మ పోయింది నోటి కేన్సర్‌తోనే. డాక్టరు ముక్క కోసి చూడాలన్నాడు.

"కత్తి తగిలాకే మా అమ్మ మంచం పట్టింది. నన్ను దేవుడే చూసుకుంటాడు" అని యారుమెత్ మొండికేసింది.

దేవుడు చూసుకుంటాడని నేనూ నమ్ముతాను. కానీ ఎవరి చేతులతో చూసుకుంటాడో మనకేం తెలుసు?

అప్పుడే మా ఊరి ఆరోగ్య కేంద్రానికి నోటి కేన్సర్ జాడ పట్టే ఉమ్మి పరీక్ష వచ్చింది. సూది లేదు, కత్తి లేదు. రాత్రి నుంచి నోట్లో ఏమీ వేసుకోకుండా వచ్చి గొట్టంలో ఉమ్మాలి, అంతే.

"ఉమ్మడమేగా, పుట్టినప్పట్నుంచీ అదే పని" అని నవ్వుతూ బయల్దేరింది.

వరసలో జ్వరం మందు కోసం వచ్చిన యాకురై కనబడింది. యారుమెత్‌కి చిన్ననాటి నేస్తమే, కానీ తోటగట్టు తగువుతో ఏళ్లుగా మాటల్లేవు. ఏమనుకుందో, వెనక్కి తిరిగి వక్క చాపింది. అది కాదంటే తగువు చచ్చేదాకా ఉన్నట్టే. యారుమెత్ తీసుకుని నమిలింది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు.

గొట్టంలో ఎర్రగా పడింది.

"ఇదేంటమ్మా! ఇది పనికిరాదు, రేపు రండి" అని నర్సు తల పట్టుకుంది.

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. దేవుడే వద్దన్నాడు" అంది యారుమెత్, హాయిగా.

మచ్చ సంగతి యాకురైకి అప్పుడే తెలిసింది. "ఒసే, ఇన్నేళ్లకి మాట కలిపింది నిన్ను పాతిపెట్టడానికా? రేపు రాకపోయావో, ఆ గట్టు మళ్లీ నాదే!"

మర్నాడు పొద్దున్నే తనే వచ్చి లాక్కెళ్లింది. దారిలో వక్క చాపినవాళ్లనల్లా "దాని నోటి జోలికి రాకండి" అని కసిరింది.

పరీక్ష ఫలితం చూసి పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. ఈసారి యారుమెత్ కత్తిని కాదనలేదు. యాకురై చెయ్యి మాత్రం వదల్లేదు. మచ్చ ముదరలేదట, తీసేశారు.

వాళ్లను కలిపిందీ ఆ వక్కే, ఆ మచ్చ తెచ్చిందీ అదే. ప్రభువా, దాన్ని ఏమనుకోమంటావు అని ప్రార్థనలో అడుగుతుంటాను.

ఇప్పుడు మా ఇంట్లో వక్క లేదు. యాకురై వస్తే ఇద్దరూ కొబ్బరి ముక్కలు ముందేసుకుని కూర్చుంటారు. మాట మొదలవడానికి కాస్త ఆలస్యమవుతుంది.