తడి నేల బోర్డు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ ఫినాయిలమ్మ అనేవారు. మనిషి కంటే ముందు వాసన వస్తుందని ఎవరో మహానుభావుడు పెట్టిన పేరు. ఆ వాసనే లేకపోతే తాను ముక్కు మూసుకుని తిరగాల్సి వచ్చేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. పదకొండేళ్ళుగా కింది అంతస్తు వరండా, దాని వెంట ఉన్న ఆరు గదులు ఆమే తుడుస్తోంది. గుమ్మం మీద ‘వైద్యం అందరి హక్కు’ అని పెద్ద అక్షరాల పలక ఒకటి ఉంది. దానికి పట్టిన బూజు దులిపేదీ ఆమే.

ఆమె కుడికాలి బొటనవేలి పక్కన పుండు లేచింది. పొద్దంతా నీళ్ళలో నానే కాలు, పైగా చిల్లుపడ్డ రబ్బరు బూట్లు. మొదట గోరంత ఉన్నది నెల తిరిగేసరికి వేలంతా పాకింది. చెల్లెలు కట్టు మార్చినప్పుడల్లా, “ఆసుపత్రిలోనే ఉంటావు, నీకేం లోటక్కా, ఓసారి చూపించుకోరాదూ” అని సణిగేది. వీధిలో వాళ్ళు కూడా ఆమె అదృష్టవంతురాలనే అనుకునేవారు.

చూపించుకోవడం అంత తేలికా? చీటీలిచ్చే కిటికీ ఎనిమిదికి తెరిచి పదికి మూస్తారు. ఆ రెండు గంటలూ ఆ కిటికీ ముందు నేల తుడవడమే ఆమె పని. చీటీ లేనిదే డాక్టరు గది ముందున్న బంట్రోతు ఎవర్నీ లోపలికి పోనివ్వడు. చేతిలో తుడుపుకర్ర ఉంటే మాత్రం లేచి తలుపు తీస్తాడు. ఉద్యోగులకు వేరే వరస ఉందని విని అక్కడ అడిగింది. గుమాస్తా పుస్తకమంతా తిరగేసి, నువ్వు ఆసుపత్రి మనిషివి కావు, కాంట్రాక్టరు మనిషివి అన్నాడు. కాంట్రాక్టరు మనుషులకు కాళ్ళుండవు కాబోలు.

సూపర్‌వైజరును సెలవడిగింది. డాక్టరు చీటీ తెస్తే ఇస్తానన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికే సెలవండీ అంది. రూలు రూలే అన్నాడు. ఆ రూలు రాసిన పెద్దమనిషి ఎంత చదివాడో గాని, తన తోక తానే పట్టుకోబోయే కుక్కపిల్లకున్నంత తెలివైతే ఉంది.

ఇక డాక్టరుగారు. ఆయన గదిని ఆమె రోజుకు రెండుసార్లు తుడుస్తుంది. “కాళ్ళండీ” అంటుంది. ఆయన కాగితాల మీంచి చూపు తిప్పకుండా రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి, తడిగుడ్డ బల్ల కింద అటునుంచి ఇటు వెళ్ళేదాకా ఓపిగ్గా అలాగే ఉంచుతాడు. చాలా మంచివాడని పేరు. ఒకసారి ధైర్యం చేసి తన కాలి సంగతి ఎత్తితే, తలెత్తకుండానే చీటీ తీసుకుని రామ్మా అన్నాడు, ఎంతో మెత్తగా.

రెండో నెల చివర వేలు నల్లబడింది. ఆ ఉదయం కాలి వాసనను ఫినాయిల్ కూడా కప్పలేకపోయింది. ఆమెకు నిజంగా భయం వేసింది. కాలు పోతే పని పోతుంది, చెల్లెలి మీద పడి తినాలి.

ఆ ఆసుపత్రిలో ఆమె మాట ఎవరూ చెవిన పెట్టరు గాని, ఆమె పెట్టే పసుపు బోర్డు మాట అందరూ వింటారు. ‘నేల తడిగా ఉంది, ఆగండి’ అని ఉంటుంది దాని మీద. పెద్ద డాక్టరు ఒకరు జారిపడి నడుం విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆ బోర్డు దాటినవాళ్ళు సంజాయిషీ రాసివ్వాలి. ఆమె డాక్టరు తలుపుకు అటొకటి, ఇటొకటి బోర్డులు నిలబెట్టి, మధ్యలో బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. బంట్రోతు స్టూలు చంకన పెట్టుకుని అవతలికి పారిపోయాడు. వరస ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ముందున్న ముసలాయనకు సంగతి అర్థమైంది.

“వెళ్ళు తల్లీ” అన్నాడు. “మాకు ఆగడం అలవాటే.”

ఆమె లోపలికి వెళ్ళింది. చప్పుడు వినగానే డాక్టరుగారు అలవాటుగా కాళ్ళెత్తారు.

“ఈసారి మీవి కాదండీ, నాది చూడండి” అని బూటు తీసింది.

ఆయన చూశాడు. పరీక్షలన్నీ చేసేసరికి అరగంట పట్టింది.

“ముందే వస్తే మందుతో పోయేది. ఇప్పుడు వేలు తీసెయ్యాలి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?”

“ఇక్కడేనండీ. రోజూ రెండుసార్లు వచ్చాను. మీరు కాళ్ళెత్తారు.”

ఆయన ముఖం పాలిపోయింది. పాలిపోతే మాత్రం వేలు తిరిగొస్తుందా? ఇవాళే వార్డులో చేరాలని చీటీ రాసి ఆమె చేతికిచ్చాడు.

బయట బోర్డుకు అవతల సూపర్‌వైజరు నిప్పులు కక్కుతూ నిలబడ్డాడు. ఆమె చీటీ చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి చదివి, చీటీ సరిగ్గానే ఉందని ఒప్పుకున్నాడు. “సెలవు రేపటి నుంచి. ముందు ఈ వరండా పూర్తి చేసి వెళ్ళు” అన్నాడు.

ఆమె చీటీ వెనక్కి తీసుకుంది. బోర్డును కాస్త ముందుకు జరిపి సరిగ్గా ఆయన బూట్ల ముందు పెట్టి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వార్డు వైపు నడిచింది. ఆయన వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు గాని, బోర్డు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు.

నేల ఆరిపోయి అప్పటికి చాలాసేపైంది.