తలుపు మూసేవాళ్ళు

ఒనేకా కోపంగా ఉందని కొండ దిగే దారంతా ఆమె చెక్క చెప్పులే చాటాయి. రాళ్ళు పగిలేలా ఠకఠకా నడిచింది. వెనక ఆమె లోయ జనమంతా గొర్రెతోళ్ళు కప్పుకుని, గుహల్లో మాగబెట్టిన జున్ను గంపలు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. కూతురు ముజ్నా కాళ్ళకు మాత్రం కుర్తుబా నగరపు తోలు జోళ్ళున్నాయి.

"ఎన్నాళ్ళమ్మా ఈ తోక బతుకు?" అంది ముజ్నా. "బజార్లో గంప దించగానే 'తోకోళ్ళొచ్చారు, ముక్కు మూసుకోండి' అంటారు. విని విని విసుగెత్తిపోయింది. అందుకే ఈ సీమనేలే కొత్త వాలీగారినే అడిగేశా. సరేనన్నాడు. ఈ ఏడు మనం ముందు నడుస్తాం."

"నన్నో మాట అడిగావటే?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

జిహోన్ రేవులో ఏటా విజయదినాన ఊరేగింపు జరుగుతుంది. ఏ సీమ ఎప్పుడు ఖలీఫా నీడలోకి వచ్చిందో ఆ వరసలోనే ఆ సీమవాళ్ళు కోటగుమ్మం దాటాలి. దక్షిణాది ఇష్బీలియావాళ్ళు పట్టుబట్టలతో, డోళ్ళతో ముందు పోతారు. అందరికన్నా చివర ఒనేకా లోయ. ఉత్తరపు కొండల్లో ఖలీఫా సేనల్ని రానివ్వకుండా ఆఖరి కనుమను కాచింది వీళ్ళ పెద్దలే. ఆ కనుమ లొంగాకే ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా అందలూస్ దేశమంతా ఒక్క ఇల్లయింది. తరవాత వాళ్ళూ మసీదుకు నడిచారు, పిల్లలకు ఖురాను నేర్పుకున్నారు. కనుమ కథ మాత్రం మరవలేదు. మరిస్తే వాళ్ళు కొండవాళ్ళెందుకవుతారు!

గుమ్మం దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. "లోయవాళ్ళు ముందుకి రండి!" అని వాలీ మనిషి కేకేశాడు. ఒనేకా గంప దించి గుమ్మం పక్క రాయి మీద చతికిలబడింది. ఆమె వెనక లోయంతా చతికిలబడింది. డోళ్ళు ఆగిపోయాయి.

వాలీ ముఫర్రిజ్ గుర్రం మీద వెనక్కి వచ్చాడు. ముజ్నాకి పైప్రాణాలు పైనే పోయాయి. వాలీ ఇచ్చిన గౌరవాన్ని నడివీధిలో తిప్పికొడితే, రేపు లోయ మొత్తాన్నీ బజారులోంచి గెంటేసినా అడిగే దిక్కుండదు.

"ఏమ్మా, ఇచ్చిన చోటు నచ్చలేదా? అడిగింది నీ కూతురేగా?"

"నచ్చక కాదు దొరా. మేం ముందు పోతే ఈ తలుపెవరు మూస్తారు?"

"కాపలావాళ్ళు లేరా?"

"మా ముత్తాత కనుమ దిగొచ్చిన రోజు ఇక్కడే నిలబడ్డాడు, ఒళ్ళంతా గాయాలతో. మీ సేనాని ఆయన్ని కత్తి దించమనలేదు. 'ఇలాంటి మనిషి బయటున్నంతకాలం మా ఇంటికి తలుపు లేనట్టే. లోపలికొచ్చి నీ చేత్తోనే మూసెయ్' అన్నాడు. అప్పట్నించీ మేమే మూస్తున్నాం. ముందొచ్చినోళ్ళదేం గొప్ప? మాకోసం మీరు తరాల తరబడి కాచుకున్నారు!"

ఇష్బీలియావాళ్ళలో ఎవడో కిసుక్కున నవ్వాడు. వాలీ అటు చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన గుర్రం దిగాడు.

"ఈ మాట నాకెవరూ చెప్పలేదమ్మా. నీ కూతురూ చెప్పలేదు."

"చిన్నప్పట్నించీ చెప్తూనే ఉన్నా దొరా. అది వింటేగా!"

వాలీ పకపకా నవ్వాడు. "నీ చోటు నీదే. మార్చమని ఎవడన్నా అంటే నా దగ్గరికి పంపు."

డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. సీమలన్నీ దాటిపోయాయి. ముజ్నా తడిసిన తోలుజోళ్ళు విప్పి గంపలో పడేసి, అడుగున దాచిన చెక్క చెప్పులు తొడుక్కుంది. అవి ఎందుకు తెచ్చిందని తల్లి అడగలేదు. ముజ్నా కాళ్ళు అందరికన్నా గట్టిగా మోగాయి.

"తోకొచ్చిందిరోయ్!" అని గోడ మీంచి ఎవడో అరిచాడు.

తల్లీకూతుళ్ళు తలుపుకి భుజాలానించారు.

"తొయ్యవే!"

"తోస్తున్నానమ్మా!"

తలుపు మూసుకుంది. ముజ్నా గడియ వేసి, గోడ మీదివాడి వైపు తలెత్తింది.

"అవునురా, తోకే. చూస్కో, బయట ఇంకెవరూ లేరు."